మా పెరట్లో అడుగు మట్టి

నేను లెక్కల మాస్టర్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత మీకు నవ్వుకోవడం తేలిక.

విజయనగరంలో మా ఇంటి పెరడు ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. అందులో నుయ్యి, తులసికోట, కరివేపాకు చెట్టు, అంట్లు తోమే బండ, ఆ బండ నీళ్లు తాగి బలిసిన నాలుగు అరటిచెట్లు, 2014లో హుద్‌హుద్ తుఫాను కూల్చిన కొబ్బరిచెట్టు మొద్దు. అంతా మా అమ్మ రాజ్యం. వేసవి సెలవుల్లో ఫోన్లో పచ్చిక వీడియోలు చూసి చూసి ఆ రాజ్యం మీద నా కన్ను పడింది. "కూలోళ్లెందుకు, ఆదివారానికి కాస్త చొప్పున నేనే చేసేస్తాను" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

మొదటి ఆదివారం గునపంతో మొద్దు పెకలించబోయాను. మొద్దు కదల్లేదు, నా నడుం కదిలింది. సరే, దానికి రంగేసి టీ బల్ల అన్నాను. రెండో ఆదివారం అరటిచెట్లు కొట్టేశాను.

"నిన్నేటి సేసాయిరా అవి?" అంది అమ్మ.

"లుక్కు రావట్లేదమ్మా."

లుక్కు సంగతేమో గానీ, తాగే చెట్లు లేక బండ నీళ్లన్నీ అక్కడే మడుగు కట్టాయి. దోమలు వచ్చాయి. మడుగు కప్పడానికి వినాయక చవితి వెళ్లాక మూడు ట్రాక్టర్ల మట్టి తోలించాను. ట్రాక్టరుకి వంద ఘనపుటడుగులన్నాడు తోలినవాడు. మూడు వందల చదరపుటడుగుల నేల మీద మూడు వందల ఘనపుటడుగులు పరిస్తే అడుగు ఎత్తు లేస్తుందని మా ఎనిమిదో తరగతి పిల్లలు నోటితో చెప్పేస్తారు. వంటింటి గడప ఎత్తేమో ఎనిమిది అంగుళాలు. నేను వాళ్లని అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

మట్టి మీద పచ్చిక పరిచాను. నర్సరీ నుంచి చాపల్లా చుట్టలు చుట్టి వచ్చింది. పదో రోజుకి మధ్యలోంచి ఒక పోచ, మిగతావాటికంటే జానెడు పొడుగ్గా, నిగనిగలాడుతూ లేచింది. మేలు రకం కాబోలనుకుని దానికో చెంబెడు నీళ్లు ఎక్కువే పోశాను. అమ్మ వంగి, దాని మొదలు రెండు వేళ్లతో దొర్లించి చూసింది.

"మూడు పలకలుంది. తుంగరా ఇది!"

పాతికేళ్లుగా త్రిభుజాలు చెబుతున్నవాణ్ణి! పీకితే పోచ చేతికొచ్చేది, గడ్డ లోపలే ఉండిపోయేది. వారానికల్లా దాని చుట్టూ నాలుగు పిల్లలు. దసరాకి మా పచ్చికలో పచ్చిక ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

పైడితల్లమ్మ సిరిమాను పండగ చూడ్డానికని ముందురోజు తొలేళ్ల నాటికే చుట్టాలు దిగారు. పదకొండు మంది. ఆ రాత్రే వాన. నీరు పల్లమెరుగు అంటారు కదా, మా ఇంట్లో పల్లం ఇప్పుడు వంటిల్లు. తెల్లారుజామున మినప్పప్పు నానబోసిన స్టీలు గిన్నె తేలుకుంటూ హాల్లోకొచ్చి, చాప మీద పడుకున్న మా బావగారి చెవి దగ్గర ఆగింది. అత్తవారింట ఇంతటి మర్యాద ఆయనకి ఎప్పుడూ జరగలేదట. ఇప్పటికి ఎంతమందికి చెప్పారో!

పండగయ్యాక వచ్చిన మేస్త్రి, నీళ్లు నింపిన గొట్టం ఒక కొస గడప దగ్గర, రెండో కొస పెరట్లో పట్టి చూశాడు. "గడప కన్నా పెరడే నాలుగంగుళాలు ఎత్తుందండి మాస్టారూ. లెక్కెవరు కట్టారండి?"

మా ఆవిడ అప్పుడు నవ్వింది, మే నెల నుంచి దాచుకున్నదంతా.

ఆ మర్నాటి నుంచి తట్టతో మట్టి ఎత్తి వీధిలో పోయడమే నా పని. అమ్మ నూతి వెనకాల గోనెసంచీ కింద దాచిన రెండు అరటి పిలకలు తీసుకొచ్చి, బండ నీళ్లు పారే చోట పాతేసింది. నన్నేమీ అడగలేదు.

వీధిలో గుట్ట పెరుగుతుంటే పక్కింటి ఫిజిక్స్ మాస్టారు బయటికొచ్చారు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"మా పెరడు కాస్త పల్లంగా ఉంది మాస్టారూ. మొత్తం నాకిచ్చేయకూడదూ?"