మహారాజశ్రీ టెన్నెసిన్ గారికి

నమస్కరించి రాయునది.

పీరియాడిక్ టేబుల్లో తమరి 117వ గడి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తమరు పుట్టకముందే ఆ సీటు రిజర్వ్ అయిపోయింది. ‘అనన్‌సెప్టియం’ అని ఓ తాత్కాలిక పేరు కూడా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

తమరి పురిటికి పడ్డ హైరానా తలుచుకుంటే జాలేస్తుంది. మీ మీద కాదు, తమరి తయారీకి ముడిసరుకైన బెర్కీలియం అనే మూలకం మీద. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 250 రోజులు రియాక్టర్లో పెట్టి, మరో 90 రోజులు శుద్ధి చేస్తే వచ్చింది 22 మిల్లీగ్రాములు. అదీ సుమారు 330 రోజుల్లో సగం మాయమయ్యే సరుకు. 2009లో దాన్ని సీసం డబ్బాల్లో విమానమెక్కించి రష్యాకు పంపితే, కాగితాలు సరిగా లేవని కస్టమ్స్‌వాళ్లు రెండుసార్లు వెనక్కి తిప్పారు. మొత్తం ఐదుసార్లు అట్లాంటిక్ దాటింది పాపం. లోపల సరుకు తరిగిపోతోంది బాబూ అంటే ఏ కౌంటర్లో వింటారు? కేంద్రకాలనే కలిపేసే మేధావులకు కూడా ఓ ఫారం నింపడం చేతకాలేదు!

చివరికి రష్యాలోని దుబ్నాలో దాన్ని కాల్షియం-48 కేంద్రకాలతో 150 రోజులు బాదితే తమరు దయచేసింది ఆరంటే ఆరు పరమాణువులు. ఉన్నది మిల్లీసెకన్లు. కంటితో చూసినవాళ్లు లేరు. తమరూ తమరి వారసులూ పోతూ పోతూ వదిలిన ఆల్ఫా కణాల్ని లెక్కగట్టి, వచ్చి వెళ్లారని తేల్చారు. 2010లో ప్రకటన, 2016లో ఓక్‌రిడ్జ్ ఉన్న టెన్నెసీ పేరు మీద నామకరణం.

పేరులోనూ తిరకాసే. హాలోజన్ల వరుస కాబట్టి క్లోరిన్, బ్రోమిన్‌లలాగా చివర ‘ఇన్’ తగిలించారు. తీరా లెక్కలేస్తే, అంత బరువైన కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్ల వేగం విపరీతంగా పెరిగిపోయి, క్లోరిన్‌కున్న దూకుడు తమరికి ఉండదనీ, కాస్త లోహం పోకడలే కనిపించవచ్చనీ అంచనా. ఇంటిపేరు కస్తూరివారు... మిగతాది తమరికి తెలుసు. రుజువు చేద్దామంటే ఒక్క రసాయన ప్రయోగానికైనా నిలబడ్డారా? పైగా ఆర్గానిక్ కెమిస్ట్రీవాళ్లు టోసిల్ అనే పరమాణువుల గుంపుకి ఎప్పట్నుంచో వాడుకుంటున్న ‘టిఎస్’ (Ts) గుర్తు మీద కూడా కర్చీఫ్ వేసేశారు.

సరే, ఒక్క సాయం చేయండి. నా దరఖాస్తూ రెండుసార్లు తిరిగొచ్చింది, కారణం అదే. బెర్కీలియానికి మూడోసారి ఆ ఫారం నింపిపెట్టిందెవరో చెప్పి వెళ్లండి. కాస్త త్వరగా.

ఇట్లు,
ఇంకా క్యూలోనే ఉన్న ఓ అర్జీదారు