ట్రైన్ ఇంజినీరు

కొత్త హోదా సంగతి అమ్మకి ఫోన్లో చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. చాలా టీముల్ని కలిపి ‘రిలీజ్ ట్రైన్’ అంటారని, దాన్ని నడిపేవాణ్ణి ‘రిలీజ్ ట్రైన్ ఇంజినీర్’ అంటారని వివరించబోయాను. అమ్మ చెవిన పడ్డవి ట్రైను, ఇంజినీరు అన్న రెండు మాటలే. మాది సామర్లకోట. జంక్షన్ ఊళ్ళో ఆ రెండు మాటలకున్న విలువ కలెక్టరుకి కూడా లేదు. దీపాలు పెట్టే వేళకి వీధంతా పాకిపోయింది. “సాఫ్ట్‌వేరు మానేసి గవర్నమెంటులోకి మారాడంటండి, తెలివైన పని చేశాడు” అన్నారట ఎదురింటి మాస్టారు. రెండో రోజుకి పిన్ని వాట్సాప్‌లో ఒక పీఎన్ఆర్ నంబరు పెట్టింది. “సంక్రాంతికి రా. వెయిటింగ్ లిస్టు 46. కాస్త చూడు.”

నేను నడపాల్సిన రైల్లో తొమ్మిది టీములు, 94 మంది. పద్ధతి ప్రకారం ఒక ట్రైనులో 50 నుంచి 125 మంది దాకా ఉండొచ్చట. ఆ లెక్కన మాది కాస్త ఊపిరాడే బోగీయే. ఎనిమిది నుంచి పన్నెండు వారాలకోసారి వీళ్ళందరినీ రెండు రోజులు ఒకే హాల్లో కూర్చోబెట్టి, వచ్చే మూడు నెలల్లో ఎవరేం చేస్తారో తేల్చాలి. దాని పేరు పీఐ ప్లానింగ్. పీఐ అంటే మొదట్లో ప్రోగ్రామ్ ఇంక్రిమెంట్. ఇంక్రిమెంట్ అన్న మాట ఉన్నన్నాళ్ళూ జనం ఆశగా వచ్చేవాళ్ళు. 2023లో దాన్ని ప్లానింగ్ ఇంటర్వెల్ అని మార్చారు. ఇప్పుడు సమోసాల కోసం వస్తున్నారు.

ముహూర్తం డిసెంబరు రెండో వారంలో కుదిరింది. గోడ మీద పెద్ద బోర్డు పెట్టాలి. ఒక టీము పని ఇంకో టీము పని మీద ఆధారపడితే ఆ రెండు చీటీల మధ్య ఎర్ర దారం కట్టాలి. ఊలు దారం కోసం గచ్చిబౌలంతా తిరిగి, చివరికి పూజాసామాన్ల కొట్లో తొమ్మిది ఎర్రదారం ఉండలు కొన్నాను. “ఏం వ్రతం సార్?” అన్నాడు కొట్టాయన. “రెండు రోజుల వ్రతమండి, 94 మంది దంపతులు కాని వాళ్ళు చేస్తారు” అన్నాను. ఆయన ఇంకేం అడక్కుండా చిల్లర ఇచ్చేశాడు.

మొదటిరోజు సాయంత్రానికి లాగిన్ టీము చీటీలకి దారాలు ఎన్ని చుట్టుకున్నాయంటే, వాళ్ళ గడి పిల్లల కోసం మొక్కుకునే రావిచెట్టులా తయారైంది. లోపలికి రానివ్వందే ఎవరికీ పని సాగదు కదా. ఆ టీము లీడు మాత్రం రెండు రోజులూ అందరికీ ఒకటే జవాబు. “చూద్దాం బ్రో.”

అసలు కొంప ముంచింది దారం కాదు, కెపాసిటీ షీటు.

ఎవరు ఎంత పని చెయ్యగలరో తేల్చే లెక్క అది, చిన్నదే. మనిషికి రెండు వారాలకి ఎనిమిది పాయింట్ల పని. సెలవున్న ప్రతి రోజుకీ ఒకటి తీసెయ్యాలి. అమెరికా నుంచి డైరెక్టరు గారు పంపిన షీటులో జనవరిలో ఒక సెలవూ, ఫిబ్రవరిలో ఒక సెలవూ అప్పటికే తీసేసి ఉన్నాయి. చేసినవాడెవడో బాధ్యత తెలిసిన మనిషి అనుకుని దాన్నే తొమ్మిది టీములకీ పంచేశాను. అవి మార్టిన్ లూథర్ కింగ్ డే, ప్రెసిడెంట్స్ డే. సంక్రాంతి ఊసే లేదు.

94 మందిలో ఒక్కరికీ గుర్తు రాలేదా అని మీరు అడగొచ్చు. గుర్తు రాకేం! రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు, పొద్దున్న ఎనిమిదింటికి తెరుస్తారు. 2024 నవంబరుకి ముందైతే ఆ గడువు 120 రోజులు. మా పేమెంట్స్ టీములో ఒక కుర్రాడున్నాడు. ఈ పని ఎన్నాళ్ళు పడుతుందంటే “డిపెండ్స్ అన్నా” అంటాడు, పదిన్నర మీటింగుకి కెమెరా ఆపుకుని వస్తాడు. అలాంటివాడు నవంబరులో ఆ రోజు ఏడూ యాభైకే స్నానం చేసి కూర్చున్నాడట. ప్రయాణికుల పేర్లు ముందే ఎక్కించి పెట్టుకుని, ఒక ల్యాప్‌టాప్‌లో తనూ, ఇంకోదాంట్లో బావా, ఎందుకైనా మంచిదని బస్సు టికెట్టు వేరే ఫోన్లో. ఎనిమిదీ రెండుకల్లా కన్ఫర్మ్. ప్లానింగ్ అంటే ఏమిటో మా వాళ్ళకి నేర్పడానికి నేనెవణ్ణి?

నాకూ గుర్తుంది. నా టికెట్టూ అలా తీసిందే. కానీ నోరు విప్పితే అందరికంటే ముందు నన్నే ఆగిపొమ్మంటారేమోనని భయం. అందరి భయమూ అదే అయ్యుంటుంది. ఎవరో మాత్రం చీమతలకాయంత అక్షరాలతో ‘జనవరి రెండో వారం?’ అని రాసి రిస్కుల గోడకి అంటించారు. నేనే దాన్ని మెల్లిగా ‘ఓన్డ్’ అన్న గడిలోకి, అంటే ఒకరు పూచీ తీసుకున్నారన్న గడిలోకి జరిపాను. ఓనరు పేరు మాత్రం రాయలేదు.

రెండో రోజు ఆఖర్న నమ్మకం ఓటు. ఈ ప్లాను జరుగుతుందని ఎంత నమ్మకముంటే అన్ని వేళ్ళు ఎత్తాలి. సగటు మూడుకి తగ్గితే మళ్ళీ మొదటికి. అప్పుడు టైము ఐదూ ముప్పావు, కిందన క్యాబులు హారన్లు కొడుతున్నాయి. తొంభైమూడు చేతులు, ఒక్కోదానికీ ఐదేసి వేళ్ళు. కొత్తగా చేరిన టెస్టరు అమ్మాయి ఒక్కతే మూడు ఎత్తింది. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. పాపం, మిగతా రెండు వేళ్ళూ వాటంతటవే లేచాయి. తెర మీద డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు.

భోగికి రెండు రోజుల ముందు సెలవు మెయిళ్ళు మొదలయ్యాయి. సాయంత్రానికి 61. మిగిలింది మా బెంగాలీ, మరాఠీ మిత్రులూ, పాతబస్తీ నుంచి వచ్చే ఒక తమ్ముడూ. “రోడ్లు ఖాళీ అన్నా, చార్మినార్ నుంచి అరగంటల్ వచ్చేసిన” అని ఫోటో పెట్టాడు. వెనకాల 94 కుర్చీల హాలు, గోడకి ఎర్ర దారాలు.

నేనప్పటికే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఎస్-7లో ఉన్నాను. ఎదురు సైడ్ లోయర్‌లో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని లాగిన్ టీము లీడు. నా మీద అప్పర్ బెర్తులోంచి పేమెంట్స్ కుర్రాడు తలకిందులుగా వేలాడి, “అన్నా, ఆ లాగిన్ టోకెను సంగతి ఇప్పుడైనా తేల్చండి, ఎటూ దిగిపోలేరు” అన్నాడు. లీడు డబ్బా మూత తీసి మా ఇద్దరికీ తలో రెండు బిస్కెట్లిచ్చి, టిష్యూ కాగితం మీద గీసి చూపించాడు. రెండు రోజులు హాల్లో తెగని పంచాయితీ ఇరవై నిమిషాల్లో తెగింది. ఈలోపు పిన్ని మెసేజ్: “కన్ఫర్మ్ అయిందిరా, నీ చలవే!” దాని కింద చుట్టాలవి ఇంకో ఏడు పీఎన్ఆర్‌లు.

పదకొండు దాటాక డైరెక్టరు గారి మెసేజ్ వచ్చింది. ట్రైను పట్టాల మీదే ఉందా అని.

ఉందన్నాను. ఇప్పుడే కాజీపేట దాటిందన్నాను. నిద్రమత్తులో నిజమే వస్తుంది.

కాసేపు చుక్కలు కదిలాయి. “వెరీ గుడ్. కాజీపేట ఏ టీముది?”

“అందరిదీనండి, జంక్షను” అని పెట్టి దుప్పటి కప్పుకున్నాను.

కనుమ వెళ్ళాక ఆఫీసుకొచ్చి చూస్తే నెల రిపోర్టులో మూడో వరస: ‘కాజీపేట ఇంటిగ్రేషన్ - పూర్తయింది.’ పక్కన పచ్చరంగు. కింద ఇంకో వరస పసుపు రంగులో ఉంది: ‘విజయవాడ - ఎప్పటికి?’