పాత కారా, కొత్త కారా: ఒక జాతీయ సమస్య

చేతిలో కోట్లున్నా, పాత బ్రిటిష్ కారు కొనాలా కొత్తది కొనాలా అని తేల్చుకోలేక నిద్ర పట్టని అభాగ్యులను మన సమాజం పట్టించుకోవడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. నాకున్నది స్కూటరే కాబట్టి నా నిష్పక్షపాతాన్ని ఎవరూ శంకించలేరు.

ముందు పాతవి. 1961లో జెనీవా షోలో జాగ్వార్ ఈ-టైప్‌ను చూసి జనం నోరెళ్లబెట్టారు. అందం అలాంటిది. కాకపోతే రాత్రి షెడ్డులో పెట్టేటప్పుడు కింద ఒక రేకు పళ్లెం పెట్టాలి. పొద్దున చూస్తే అందులో రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. ఉంటే సంతోషించాలి. ఆయిల్ కారడం లేదంటే లోపల ఆయిల్ లేదని ఇంగ్లండు మెకానిక్కుల వేదవాక్కు. ఇక లైట్లు, వైర్లు చేసిచ్చిన లూకస్ కంపెనీని అక్కడివాళ్లు ముద్దుగా 'చీకటి యువరాజు' అనేవారు.

కొత్తవాటిలో ఈ బాధల్లేవు. వేరేవి ఉన్నాయి. గంటకు 60 మైళ్ల వేగంలో కూడా కారులో వినిపించే పెద్ద చప్పుడు గడియారానిదేనని 1958లో రోల్స్ రాయిస్ ప్రకటన ఇచ్చింది. 2020 నాటి రోల్స్ రాయిస్ ఘోస్ట్ మోడల్‌లో ఆ చప్పుడు కూడా లేకుండా చేశారు. తీరా కూర్చుంటే తల తిరిగినట్టు ఉందట! దాంతో ఇంజనీర్లు మళ్లీ కష్టపడి సన్నని గుసగుస ఒకటి లోపల పెట్టారు. సద్దు తీయడానికి ఒక బిల్లు, పెట్టడానికి ఇంకో బిల్లు.

అసలు కొత్తవి బ్రిటిషువేనా అన్నది సున్నితమైన విషయం. జాగ్వార్ 2008 నుంచి మన టాటాలది. 1998లో ఫోక్స్‌వాగన్ 430 మిలియన్ పౌండ్లు పోసి రోల్స్ రాయిస్, బెంట్లీ కార్లు తయారయ్యే క్రూ ఫ్యాక్టరీ, బెంట్లీ పేరు, రోల్స్ బానెట్ మీది బొమ్మ, ముందు గ్రిల్ ఆకారం కొనుక్కుంది. రోల్స్ రాయిస్ అన్న పేరు మాత్రం విమానం ఇంజన్ల కంపెనీ చేతిలో ఉండిపోయింది. బీఎండబ్ల్యూ 40 మిలియన్లిచ్చి ఆ పేరు పట్టుకుపోయింది. ఇల్లు కొన్నవాడు ఒకడు, గుమ్మం మీది పేరు పలక పట్టుకెళ్లినవాడు ఇంకొకడు. ఇద్దరూ జర్మన్లే.

ఈ పాత-కొత్త పేచీని ఆస్టన్ మార్టిన్ 2020లో తన తెలివితో తీర్చేసింది. జేమ్స్ బాండ్ నడిపిన డీబీ5ను మళ్లీ కొత్తగా, అమ్మకానికి 25 మాత్రమే తయారు చేయడం మొదలుపెట్టింది. ఒక్కోటి 27.5 లక్షల పౌండ్లు, పన్నులు అదనం. వెనక పొగ వదులుతుంది. ముందు ఉత్తుత్తి తుపాకులు పొడుచుకొస్తాయి. పోలీసులకు దొరక్కుండా నంబర్ ప్లేటు గిర్రున తిరుగుతుంది. పోలీసులకు దొరికే ప్రసక్తే లేదు లెండి, దానికి రోడ్డెక్కే అనుమతి లేదు.

సేకరణకు పనికొచ్చే కారు లక్షణం ఇదే కదా! ఈ విద్యలో ఇంగ్లండుకు మన హైదరాబాదు ఏమీ తీసిపోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశాడు. ఆ పసుపు పచ్చ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుంది. మొన్న వెళ్లి, మోకాళ్ల మీద వంగి కిందకి తొంగి చూశాను. ఒక్క ఆయిల్ చుక్క లేదు.

"సార్, జర ముందుకు నడువుండ్రి" అన్నాడు కాపలా మనిషి, నన్ను.