మిరో ఆపిల్‌ని స్పెయిన్ అనేస్తే సరిపోతుందా?

ఫోర్క్ దిగబడిన ఒక ఆపిల్. కాగితం చుట్టి దారం కట్టిన జిన్ సీసా, కోసి వదిలేసిన రొట్టె ముక్క, ఒక పాత బూటు. స్పెయిన్ చిత్రకారుడు జువాన్ మిరో 1937లో పారిస్‌లో వేసిన ‘పాత బూటుతో స్టిల్ లైఫ్’ (కదలని వస్తువుల చిత్రం)లో ఉన్న వస్తువులు ఇంతే. ఇప్పుడా బొమ్మ న్యూయార్క్‌లోని మోమా ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

దీని గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకటే వ్యాఖ్యానం. స్పెయిన్ అంతర్యుద్ధం మీద వేసిందట. ఫోర్క్ అంటే బాయ్‌నెట్ (తుపాకీ మొన కత్తి), ఆపిల్ అంటే స్పెయిన్, రొట్టె అంటే పుర్రె. గెర్నికా పట్టణం మీద బాంబుదాడికి స్పందనగా పికాసో వేసిన ‘గెర్నికా’ పక్కన జోడీగా నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. యుద్ధం నీడ ఉందన్నది నిజమే, కాదనను. కానీ తేదీలు కూడా చూడాలి కదా! మిరో ఈ బొమ్మ మొదలుపెట్టింది జనవరి 24న. ఆ పట్టణం మీద బాంబులు పడింది ఏప్రిల్ 26న.

నాకు అంతకంటే వింతగా తోచేది మరొకటి. గాల్లో తేలే గీతలకూ చుక్కలకూ అప్పటికే పేరుపడ్డ మనిషి, వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని చూసి వేయడానికి కూర్చున్నాడు. అదే ఏడాది, నలభై దాటిన వయసులో, పారిస్‌లోని గ్రాండ్ షోమియేర్ అనే చిత్రకళా అకాడమీకి వెళ్లి విద్యార్థుల్లా మోడల్‌ని చూసి డ్రాయింగ్‌లు వేశాడు. యుద్ధం వల్ల పారిస్‌లోనే ఉండిపోవడంతో సగంలో ఉన్న పనంతా బార్సిలోనాలోనే ఉండిపోయింది. అలాంటి స్థితిలో చేతికి అందే రొట్టె ముక్కే నమ్మకంగా కనిపించి ఉంటుంది.

వస్తువులు చూసి వేసినవే గానీ రంగులు మాత్రం కావు. కళ్లకు గుచ్చుకునే పసుపు, ఆకుపచ్చ, చుట్టూ నలుపు. దీపమెక్కడా లేదు, అయినా వస్తువులు లోపల్నుంచే మండుతున్నట్టు ఉంటాయి. బల్ల ఎక్కడ ఆగిందో తెలియదు. వెనక నల్లటి ఆకారాలు కొండలో మేఘాలో అన్నట్టు పరుచుకుని, వంటింటి మూలను పెద్ద మైదానంగా మార్చేస్తాయి. ఫోర్క్ ముందు ఆపిల్ మరీ చిన్నదిగా కనిపిస్తుంది. తినడానికి గుచ్చారని అనిపించదు. ఈ భయం కలగడానికి ఆపిల్‌ని స్పెయిన్ అనుకోవాల్సిన పనే లేదు.

ఇక బూటు. ఒక్కో వస్తువుకీ ఒక్కో అర్థం చెప్పేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి తడబడతారు. వాన్ గో వేసిన పాత బూట్ల బొమ్మలకు చుట్టమని చెప్పి దాటేయొచ్చు గానీ, తిండి పెట్టే చోట దానికేం పని? నాకైతే ఇది లేమి బొమ్మలాగే కనిపిస్తుంది. ఉన్న ఆస్తి అంతా ఒకే బల్ల మీద సర్దుకోవాల్సి వచ్చినప్పుడు, బూటుకీ రొట్టెకీ వేరే చోటు ఉండదు.