సింథ్‌లో నాబ్‌లు ముట్టుకోవద్దన్న మెసేజ్‌కు జవాబు

ఫోక్ పాటలకు మ్యూజిక్ చేసే మా హన్మకొండ, కాజీపేట కుర్రాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: సాఫ్ట్‌వేర్ సింథ్‌లో (కంప్యూటర్‌లోనే శబ్దాలు తయారుచేసే వాయిద్యంలో) ఫిల్టర్ అంటే ఈక్యూనే (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించేదే), ఎన్వలప్ అంటే వాల్యూమ్ ఎక్కడం దిగడం, ఎల్‌ఎఫ్‌ఓ అంటే వణుకు. ఇవి నేర్చుకోవడం టైమ్ వేస్ట్, ప్రీసెట్ (ముందే చేసి ఇచ్చిన సౌండ్) పెట్టుకోండి. డప్పు కావాలంటే శాంపిల్ ప్యాక్ (రికార్డు చేసిన దెబ్బల కట్ట) కొనండి, సింథ్‌లో అసలు రాదు. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు దీన్ని నమ్మి నాబ్‌ల జోలికే పోవడం లేదు. నాకు బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను.

ఫిల్టర్ (శబ్దంలో పదునునో మందాన్నో కోసేది), ఈక్యూ ఒకటి కాదు. ఈక్యూ ట్రాక్ మొత్తం మీద పనిచేస్తుంది. చాలా సింథ్‌లలో నొక్కిన ప్రతి స్వరానికీ సొంత ఫిల్టర్ ఉంటుంది. స, గ, ప ఒకదాని వెనక ఒకటి నొక్కి పట్టుకోండి. మూడు ఫిల్టర్లూ దేని టైముకు అది తెరుచుకుంటాయి. ట్రాక్ మీద పెట్టిన ఈక్యూ ఆ మూడింటినీ విడదీయలేదు.

ఎన్వలప్ (స్వరం నొక్కినప్పటి నుంచి ఏదైనా ఒక విలువ ఎలా ఎక్కి దిగాలో చెప్పేది) వాల్యూమ్ కోసమే అన్న మాట 1970లోనే తప్పు. ఆ ఏడాది వచ్చిన మినీమూగ్ అనే సింథ్‌లో ఫిల్టర్‌కు ఒక ఎన్వలప్, వాల్యూమ్‌కు ఇంకొకటి విడిగా ఉన్నాయి. తీగను మీటితే మొదట పదునుగా మోగి, తర్వాత మెత్తబడుతుంది కదా? వాల్యూమ్ ఒక్కటే తగ్గిస్తే ఆ మెత్తదనం రాదు. కటాఫ్ (ఫిల్టర్ ఎక్కడి నుంచి కోయాలో చెప్పే నాబ్) కూడా దిగాలి. కటాఫ్‌ను కిందికి తెచ్చి, ఫిల్టర్ ఎన్వలప్ మోతాదు పెంచి, అటాక్ (ఎక్కే సమయం) సున్నా, డికే (దిగే సమయం) 200 మిల్లీసెకన్లు, సస్టెయిన్ (నొక్కి పట్టుకున్నంతసేపూ నిలిచే స్థాయి) సున్నా పెట్టి వినండి. సాదాగా మోగే సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు అల) బేస్ ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటుంది.

ఎల్‌ఎఫ్‌ఓ, అంటే ఏ నాబ్‌నైనా తనంతట తాను నెమ్మదిగా అటూ ఇటూ కదిపే అల, దాని గురించి రెండే మాటలు. సెకనుకు 5, 6 సార్లు శ్రుతిని కదిపితే వణుకు వస్తుంది, నిజమే. అదే ఎల్‌ఎఫ్‌ఓను కటాఫ్‌కు కలిపి, పది సెకన్లకు ఒక్క చుట్టు తిరిగేలా పెడితే ప్యాడ్ (పాట వెనక సాగుతూ ఉండే స్వరం) నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది.

ఇక డప్పు. ఇక్కడే ఎక్కువ చెప్పాలి. ఆటకు ముందు డప్పును మంటకు ఎందుకు కాగబెడతారు? చర్మంలో తడి ఆరి బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. గట్టిగా కొట్టినప్పుడు చర్మం ఆ క్షణంలో ఇంకా సాగి బిగుసుకుంటుంది. అందుకే దెబ్బ మొదట్లో శ్రుతి కాస్త పైన ఉండి వెంటనే దిగుతుంది. ఇది అచ్చంగా పిచ్ ఎన్వలప్ (శ్రుతిని కదిపే ఎన్వలప్) చేసే పని! సైన్ వేవ్ (నున్నటి సాదా అల) తీసుకోండి. శ్రుతి పైనుంచి 30, 40 మిల్లీసెకన్లలో దిగేలా పెట్టండి. ఎంత పైనుంచి అన్నది మీ చెవే చెప్పాలి. పుల్ల తగిలిన చప్పుడు కోసం పక్కన నాయిస్ (బుస్సుమనే శబ్దం) కలిపి, దాని డికే బాగా చిన్నది చేసి, బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (మధ్య భాగాన్ని మాత్రమే వదిలేది) గుండా పంపండి. సిర్ర (లావు కర్ర) దెబ్బకు ఆ ఫిల్టర్ కిందికి, సిటికెన పుల్లకు (సన్న పుల్లకు) పైకి. తర్వాత వెలాసిటీని (కీ ఎంత గట్టిగా నొక్కారన్న కొలతను) నాయిస్ కటాఫ్‌కూ పిచ్ ఎన్వలప్‌కూ కలపండి. గట్టిగా నొక్కితే సౌండ్ పెరగడమే కాదు, దెబ్బ స్వభావమే మారుతుంది.

నేను కూడా ఒకప్పుడు డబ్బులు పెట్టి ఒక ప్యాక్ కొన్నాను. అందులో డప్పు దెబ్బలు నాలుగో ఐదో. పాటంతా అవే తిరిగితే రెండు నిమిషాలకే చెవి పట్టేసింది. సింథ్‌లో అయితే కటాఫ్‌కు చిన్న ర్యాండమ్ మాడ్యులేషన్ (ప్రతిసారీ కాస్త వేరుగా వచ్చే కదలిక) కలిపితే ఏ రెండు దెబ్బలూ ఒకేలా ఉండవు.

డబ్బు సంగతి కూడా మెసేజ్ దాచింది. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ పూర్తిగా ఉచితం, దానికి మూలమైన సర్జ్ సోర్స్ కోడ్ 2018లోనే బయటపెట్టారు. 2020లో వచ్చిన వైటల్ అనే సింథ్‌కూ ఉచిత వెర్షన్ ఉంది. పైన చెప్పినవన్నీ ఈ రెండింట్లోనూ చేసుకోవచ్చు.

ఒక్కటి ఒప్పుకుంటాను. దరువు మధ్యలో ఎదుటివాళ్ల అడుగు చూసి వేగం మార్చే డప్పు కళాకారుడు ఏ సింథ్‌లోనూ లేడు. పాటకు అది కావాలంటే మన ఊళ్లో వాయించేవాళ్లు ఉన్నారు, పిలిచి, తగినంత ఇచ్చి రికార్డ్ చేయండి. దాని కింద నిలబడే బేస్ మాత్రం మీ చేత్తో చేసుకోండి. ఈ రాత్రికి ఇనిట్ ప్యాచ్ (ఏమీ కలపని మొదటి సౌండ్) తెరిచి, కటాఫ్ నాబ్‌తో మొదలుపెట్టండి.