సవరణ: ఎక్స్‌రే టెక్నాలజిస్ట్ చదువు గురించి

అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్స్‌రే టెక్నాలజిస్ట్ కోర్సు గురించి నేను పోయినసారి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగంలో చేరిపోవచ్చు అన్నాను. మామూలుగా అంత తేలిగ్గా కుదరదు. ఆసుపత్రులు అడిగేది ఏఆర్‌ఆర్‌టీ (టెక్నాలజిస్టులకు పరీక్ష పెట్టి గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్. దాని పరీక్షలో స్కేల్డ్ స్కోరు (ప్రశ్నపత్రం కష్టాన్ని బట్టి సరిచేసిన మార్కు) 75 రావాలి, మూడేళ్లలో మూడు అవకాశాలే. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కూడా కావాలి. డిగ్రీ తప్పనిసరి అన్న ఏఆర్‌ఆర్‌టీ నిబంధన 2015 నుంచి ఉన్నమాట నిజమే కానీ, ఆ డిగ్రీ రేడియోగ్రఫీలోనే (ఎక్స్‌రే తీసే విద్య) ఉండాలని లేదు. అక్కడే వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లు గుర్తింపు ఉన్న రేడియోగ్రఫీ శిక్షణ పూర్తిచేస్తే సరిపోతుంది. మళ్లీ డిగ్రీ చదవాలని నేను రాసింది చూసి ఎవరైనా టెన్షన్ పడి ఉంటే మన్నించాలి.

రెండోది డోసు బ్యాడ్జి, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే బ్యాడ్జి. దాన్ని లెడ్ ఏప్రాన్ (రేడియేషన్‌ని ఆపే సీసపు తొడుగు) లోపల పెట్టుకోవాలని రాశాను. ఒక్కటే బ్యాడ్జి ఉంటే కాలర్ దగ్గర, ఏప్రాన్ పైన పెట్టుకోవాలి. లోపల దాస్తే కళ్లకీ థైరాయిడ్‌కీ తగిలిన రేడియేషన్ లెక్కకే రాదు.

ఎక్స్‌రేలో ఎడమ, కుడి చెప్పే సీసపు గుర్తుల మీద టెక్నాలజిస్ట్ పొడి అక్షరాలు ఉంటాయన్నది మాత్రం సరిగ్గానే రాశాను.