సవరణ: జూనీ పుస్తకం గురించి

శ్రీకాకుళంలో మూడు, నాలుగు తరగతుల పిల్లల చేత సరదాగా ఇంగ్లీష్ చదివించడానికి బాగుంటుందంటూ మొన్న ‘జూనీ బి. జోన్స్ అండ్ ద మషీ గషీ వాలెంటైమ్’ అనే పిల్లల కథల పుస్తకం గురించి పోస్టు పెట్టాను. ఆ పోస్టులో, కథలోని పిల్ల జూనీది ఒకటో తరగతి అని రాశాను. కాదు, కిండర్‌గార్టెన్. బార్బరా పార్క్ రాసిన ఈ సిరీస్‌లో ఇది 14వది, 1999లో వచ్చింది. జూనీ ఒకటో తరగతికి వెళ్లేది 18వ పుస్తకంలో.

“ఇంత చిన్నపిల్లలకి ప్రేమ పుస్తకమేటండీ?” అని ఒకావిడ అడిగారు. అమెరికా ప్రాథమిక పాఠశాలల్లో ఫిబ్రవరి 14, వాలెంటైన్స్ డే అంటే మన కాలేజీల దగ్గర కనిపించే హడావుడి కాదు. పిల్లలు అట్టపెట్టెలకి రంగుకాగితాలు అంటించి, క్లాసులో వాళ్లందరికీ తలో చిన్న కార్డు ఇస్తారు. ఎవరినీ వదిలేయకుండా చాలాచోట్ల టీచరే పేర్ల జాబితా ఇంటికి పంపిస్తారు. జూనీకి వచ్చిన పెద్ద కార్డు మీద మాత్రం పంపినవాళ్ల పేరుండదు. ఎవరబ్బా అన్న టెన్షన్‌తోనే కథ నడుస్తుంది. ఎవరో నేను చెప్పను, పిల్లలు ఊరుకోరు.

ఆ పోస్టులోంచి “గ్రామర్ బాగుపడుతుంది” అన్న వాక్యం తీసేశాను. జూనీ మాటల నిండా తప్పుల ఇంగ్లీషే. రచయిత్రి కావాలనే అలా రాశారు, నవ్వొచ్చేదీ అక్కడే. ట్యూషన్ మాస్టారికి చూపిస్తే ఎర్ర పెన్ను చాలదు.

శ్రీకాకుళంలోని కథల లైబ్రరీ కథానిలయంలో ఈ పుస్తకం దొరుకుతుందా అని కూడా అడుగుతున్నారు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని పెట్టింది తెలుగు కథల కోసం. దీనికోసం అంతదూరం వెళ్లకండి, ఆన్‌లైన్‌లో చూసుకోండి.